ఓడ మీంచి చూసిన ఊరు: ఈజిప్టులో ఫాయెద్‌కు నాన్నను తీసుకెళ్లాలి, సలహా చెప్పండి

భీమిలి తీరం | 11 మే 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మా నాన్న 1980 నుంచి 2012 వరకు ఓడల మీద పనిచేశారు. ఇంజన్ రూములో ఆయిలర్‌గా చేరి ఫిట్టర్‌గా రిటైరయ్యారు. సూయజ్ కాలువ 47 సార్లు దాటినట్టు ఆయన డైరీలో లెక్క ఉంది. అన్నిసార్లు దాటినా ఈజిప్టు నేల మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. అసలు కాలువనే సరిగ్గా చూడలేదు. ఓడ కాలువలో ఉన్నంతసేపూ ఇంజన్ స్టాండ్‌బైలో, అంటే ఏ క్షణమైనా ఆర్డరుకు సిద్ధంగా ఉంటుంది, వీళ్లంతా కిందే ఉండాలి. మధ్యలో గ్రేట్ బిట్టర్ లేక్ అని పెద్ద సరస్సు ఉంది. ఎదురొచ్చే ఓడలకు దారి ఇవ్వడానికి అక్కడ లంగరు వేసేవారు. అప్పుడు పైకొచ్చి గాలి పీల్చుకునేవారట. "కుడిచేతి వైపు ఒక ఊరు. పగలు మసీదు మినారు, చెట్లు. రాత్రి దీపాలు. 32 ఏళ్లు చూశాను గానీ ఆ ఊళ్లో టీ ఎలా ఉంటుందో తెలీదు" అని ఎన్నోసార్లు అన్నారు.

మ్యాపులో చూస్తే ఆ ఊరు ఫాయెద్. సరస్సు పడమటి ఒడ్డున, ఇస్మాయిలియాకు దక్షిణంగా ఉంది. నేను కువైట్‌లో ఉంటాను. ఆగస్టులో సెలవు దొరుకుతుంది. నాన్నకు 67. షుగర్ ఉంది, నడక బాగానే ఉంది. పిరమిడ్లకు ఒక రోజు, ఇస్మాయిలియా, ఫాయెద్‌లకు రెండు మూడు రోజులు అనుకుంటున్నాం. ఎవరైనా వెళ్లారా? ఎలా వెళ్లాలి, ఎక్కడ కూర్చుంటే ఓడలు కనిపిస్తాయి, తిండి ఎలా, పోలీసులతో టెన్షన్ ఏమైనా ఉంటుందా?

కైరోలో కాకినాడ | 12 మే 2025, మధ్యాహ్నం 1:15

మీ పోస్టు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించానండీ. మేం ఆరేళ్లుగా కైరోలో ఉంటున్నాం. పిల్లల ఈత కోసం ఫాయెద్ మూడుసార్లు వెళ్లాం. అక్కడ సరస్సులో పెద్ద అలలు ఉండవు, ఒడ్డు దగ్గర లోతు తక్కువ. అందుకే కైరో కుటుంబాలు వేసవిలో అక్కడికి పరుగెడతాయి. ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. మీరు ఆది నుంచి బుధ లోపు పెట్టుకోండి. లేకపోతే కూర్చోవడానికి చోటు కూడా దొరకదు.

కైరో నుంచి ఇస్మాయిలియా సుమారు 120 కిలోమీటర్లు. కారులో రెండు గంటలు పడుతుంది, బస్సులూ ఉన్నాయి. అక్కడి నుంచి ఫాయెద్ దక్షిణంగా మరో 30 కిలోమీటర్లు, మైక్రోబస్సులు తిరుగుతూనే ఉంటాయి. ఆ పాత రోడ్డును ఇక్కడివాళ్లు "ముఆహదా రోడ్డు" అంటారు, అంటే ఒప్పందం రోడ్డు. 1936లో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందం కింద సైన్యం కోసం వేసింది. దారి పొడుగునా మామిడి తోటలు, ఖర్జూరాలు. కైరో నుంచి ఎడారి దాటి వస్తాం కదా, ఉన్నట్టుండి కోనసీమలోకి వచ్చినట్టు ఉంటుంది. నైలు నీళ్లు తెచ్చే మంచినీటి కాలువ చలవ అది. పెద్ద కాలువ తవ్వే కూలీలకు తాగునీటి కోసం 1860లలో దాన్ని ముందుగా తవ్వారు. అదే లేకపోతే ఇస్మాయిలియా అన్న ఊరే పుట్టేది కాదు.

పాస్‌పోర్టులు చేతి సంచిలోనే ఉంచుకోండి. చెక్‌పోస్టుల్లో విదేశీయులను అడుగుతారు, మర్యాదగానే మాట్లాడతారు. వంతెనలు, సైనికులు, కాలువ గట్టు మీద ఉండే గార్డు గదులు, వీటి ఫొటోలు మాత్రం వద్దు. డ్రోన్ అసలు తేవద్దు. సరస్సు ఒడ్డు చాలావరకు రిసార్టులు, క్లబ్బుల చేతిలో ఉంది. పగటి పూటకు టికెట్ తీసుకుని లోపల కూర్చోవచ్చు, అదే హాయి.

నాన్నగారికి షుగర్ అన్నారు కాబట్టి ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. టీ చెప్పేటప్పుడు "సుక్కర్ బర్రా" అనండి. చక్కెర విడిగా ఇస్తారు. అలా అనకపోతే గ్లాసులో మూడు చెంచాలు పడిపోతాయి.

గోదారి గట్టు | 12 మే 2025, రాత్రి 8:02

నేను 2019లో ఈజిప్టు వెళ్లాను. నా సలహా వేరు. ఓడలు చూడటమే పని అయితే కాలువ ఉత్తరపు కొసన ఉన్న పోర్ట్ సయీద్ వెళ్లండి. ఫాయెద్‌లో ఓడలు దూరంగా కనిపిస్తాయి. పోర్ట్ సయీద్‌లో అయితే కాలువ గట్టు మీదే షికారు దారి ఉంది, ఓడ మన ముందు నుంచే పోతుంది. అవతలి పోర్ట్ ఫువాద్‌కు బల్లకట్టు ఉచితం. దాని మీద ఎన్నిసార్లు తిరిగినా ఎవరూ ఏమీ అనరు. కాలువ తవ్వించిన లెసెప్స్ విగ్రహం నిలబడ్డ దిమ్మ కూడా అక్కడే చూడొచ్చు. 1956 యుద్ధం తర్వాత జనం విగ్రహాన్ని పేల్చి పడేశారు. పెద్దాయనతో రెండు రోజులు ఒక చిన్న ఊళ్లో ఏం చేస్తారు?

భీమిలి తీరం | 13 మే 2025, ఉదయం 6:30

కాకినాడ అక్కా, చాలా థాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు.

గోదారి గట్టు గారూ, మీ మాట నాన్నతో చెప్పాను. పోర్ట్ సయీద్ ఆయనకు తెలిసిన చోటే. కాన్వాయ్ కోసం, అంటే ఓడలన్నీ వరసగా కాలువలోకి కదలడం కోసం అక్కడే ఎదురుచూసేవారు. పడవల మీద అమ్మకాలవాళ్లు ఓడెక్కి డెక్ మీదే బజారు పెట్టేవారట. మా ఇంట్లో ఒంటె తోలు పీట ఒకటి ఉంది, 1986లో అలా కొన్నదే. ఖాళీ తొడుగు మడతపెట్టి ఇచ్చారు, అమ్మ బూరుగు దూది కూరింది. ఇప్పటికీ హాల్లో దాని మీదే కాళ్లు పెట్టుకుని టీవీ చూస్తారు. "పోర్ట్ సయీద్ వాళ్లే మన దగ్గరికి వచ్చారు కదా. ఫాయెద్ దగ్గరికి మనమే వెళ్లాలి" అన్నారు. ఆయన మాటే నాకూ న్యాయంగా అనిపించింది.

థర్డ్ ఇంజనీర్ | 15 మే 2025, రాత్రి 11:48

మాది సోంపేట దగ్గర. ప్రస్తుతం సెలవులో ఇంట్లో ఉన్నాను. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఇంజన్ రూము వాళ్లకు కాలువంటే వేడి, పై నుంచి ఇంజన్‌కు ఆర్డర్లు తెచ్చే టెలిగ్రాఫ్ గంట, అంతే. పైన ఒంటెలు కనిపించాయని డెక్ వాళ్లు చెబితే వినడమే.

ముందే ఒక సంగతి చెప్పాలి. మీ నాన్నగారి కాలం నాటి సరస్సు కాదిది. అప్పట్లో కాలువ చాలాచోట్ల ఒంటి దారి. పోర్ట్ సయీద్ నుంచి దక్షిణంగా దిగే కాన్వాయ్ సరస్సులో ఆగాలి, దక్షిణపు కొసన ఉన్న సూయజ్ నుంచి పైకి వచ్చే కాన్వాయ్ ఆగకుండా పోవాలి. అందుకే అన్ని గంటలు లంగరు. 2015 ఆగస్టు 6న కొత్త కాలువ తెరిచారు. 35 కిలోమీటర్లు పక్కనే మరో దారి తవ్వి, ఇంకో 37 కిలోమీటర్లు వెడల్పు, లోతు పెంచారు. ఇప్పుడు రెండువైపుల ఓడలూ చాలావరకు ఆగకుండానే పోతాయి. నేను 11 సార్లు దాటితే సరస్సులో లంగరు వేసింది రెండుసార్లే. పైగా 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక సగానికి పైగా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోతున్నాయి. 2023లో కాలువ ఆదాయం 1,000 కోట్ల డాలర్లు దాటింది. 2024లో 400 కోట్ల దగ్గరికి పడిపోయింది. వరసగా ఓడలు కనిపిస్తాయని ఆశ పెట్టుకుని వెళ్లకండి, నాన్నగారు బాధపడతారు.

అయినా ఫాయెద్ వెళ్లమనే చెబుతాను. ఆ సరస్సు అంటే మా ఓడవాళ్లకు వేరే భావన ఉంది. 1967 జూన్‌లో యుద్ధం మొదలైనప్పుడు పైకి వెళ్తున్న కాన్వాయ్‌లోని 14 ఓడలు అక్కడే ఇరుక్కుపోయాయి. బ్రిటన్‌వి నాలుగు, పశ్చిమ జర్మనీ, స్వీడన్, పోలాండ్ దేశాలవి రెండేసి, అమెరికా, ఫ్రాన్స్, బల్గేరియా, చెకొస్లొవాకియాలవి ఒక్కొక్కటి. ఆ ఒడ్డున ఇజ్రాయెల్ సైన్యం, ఈ ఒడ్డున ఈజిప్టు సైన్యం, మధ్యలో వీళ్లు. ఒక్క రోజు కాదు, ఎనిమిదేళ్లు! ఎడారి ఇసుక పడి పడి ఓడలు పసుపుపచ్చగా మారిపోతే వాటికి "ఎల్లో ఫ్లీట్" అన్న పేరు వచ్చింది. కంపెనీలు మనుషులను మార్చి మార్చి పంపాయి. వాళ్లు ఓడలన్నీ కలిపి ఒక సంఘం పెట్టుకున్నారు. ఒక ఓడ మీద సినిమా, ఇంకోదాని మీద ఫుట్‌బాల్, మరోదాని మీద ప్రార్థన. 1968లో సొంతంగా ఒలింపిక్స్ ఆడుకున్నారు. చేత్తో తపాలా బిళ్లలు కూడా తయారుచేసుకున్నారు. 1975 జూన్ 5న కాలువ మళ్లీ తెరిచారు. సొంత ఇంజన్ మీద ఇల్లు చేరినవి రెండు జర్మన్ ఓడలే, అవి అంతకు కొద్ది రోజుల ముందే మే నెలలో చేరాయి.

ఇక 2021లో కాలువకు అడ్డం పడ్డ ఎవర్ గివెన్ అందరికీ గుర్తే. 400 మీటర్ల ఓడ. మార్చి 23న ఇరుక్కుంది, 29న కదిలింది. వార్తలు అక్కడితో ఆగిపోయాయి గానీ ఆ తర్వాత దాన్ని ఈ సరస్సులోకే తెచ్చి నష్టపరిహారం తేలేదాకా ఆపేశారు. జులై 7న వదిలారు. అంతకాలం ఫాయెద్ ఒడ్డున నిలబడితే అది కనిపిస్తూనే ఉండేది. సిబ్బంది 25 మందీ భారతీయులే. అప్పుడు మా ఊళ్లో ఓడల మీద ఉన్నవాళ్ల ఇళ్లల్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. మనవాడు అందులో లేకపోయినా సరే, మనవాళ్లే కదా.

లష్కర్ మనవడు | 17 మే 2025, సాయంత్రం 5:20

సికింద్రాబాద్ నుంచి రాస్తున్నాను. ఈ దారికీ మన హైదరాబాదుకూ ఒక సంబంధం ఉంది, చాలామందికి తెలీదు.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే కాలువ కాపలాకు ఎక్కువగా భారత సైనికులనే దించారు. 1914 చివర్లో హైదరాబాద్, మైసూర్, పటియాలా సంస్థానాల అశ్విక దళాలు ఈజిప్టు చేరాయి. 1915 ఫిబ్రవరి 3 తెల్లవారకముందే ఒట్టోమన్ (తుర్కీ) సైన్యం సినాయ్ ఎడారి దాటి వచ్చింది. ఇస్మాయిలియా పక్కనున్న తిమ్సా సరస్సుకూ గ్రేట్ బిట్టర్ లేక్‌కూ మధ్య, టుసూమ్, సెరాపియం దగ్గర రేకు పడవలు వేసి కాలువ దాటబోయింది. పడమటి గట్టు మీద కాపు కాసిన భారత పదాతి దళాలు కాల్పులతో ఆపేశాయి. దాటగలిగినవాళ్లు కొద్దిమందే. మీరు ఇస్మాయిలియా నుంచి ఫాయెద్ వెళ్లే దారిలో ఎడమ పక్కన ఉండే గట్టు అదే. హైదరాబాద్ లాన్సర్లు ఆ తర్వాత పాలస్తీనా దాకా వెళ్లారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ దళాలవే.

మా ముత్తాత ఆ దళంలో గుర్రాల సైసుగా వెళ్లాడని ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం ముక్క కూడా మా దగ్గర లేదు. సూయజ్ పక్కన పోర్ట్ తౌఫిక్‌లో సమాధి కూడా దొరకని భారత సైనికుల కోసం 1926లో స్మారకం కట్టారు. 1967 తర్వాత యుద్ధాల్లో అది దెబ్బతిని పోయింది. ఆ పేర్లు ఇప్పుడు కైరోలోని హెలియోపొలిస్ యుద్ధ శ్మశానంలో పలకల మీద ఉన్నాయి. మీకు కైరోలో గంట టైము ఉంటే దయచేసి అక్కడికి వెళ్లి, హైదరాబాద్ అన్న మాట కనిపిస్తే ఒక ఫొటో తీసి పెట్టండి. మా అమ్మమ్మకు 91 ఏళ్లు, ఆమెకు చూపించాలి.

నూజివీడు తోట | 19 మే 2025, ఉదయం 7:05

ఆగస్టులో వెళ్తున్నారంటే మామిడి సీజను మధ్యలో వెళ్తున్నట్టే. మనకు ఏప్రిల్ నుంచి జూన్, వాళ్లకు జులై నుంచి సెప్టెంబరు దాకా. ఇస్మాయిలియా మామిడంటే ఈజిప్టు అంతా పేరు. ఉవైస్, జిబ్దా, సుక్కరీ, సిద్దీకా, ఫోన్స్, ఇలా రకాలున్నాయి. జిబ్దా అంటే వెన్న. ఫోన్స్ అంటే మన ఆల్ఫాన్సో పేరే. హిందీ అనే రకం కూడా ఒకటుంది. మొక్కలు ఎక్కడి నుంచి వెళ్లాయో పేరే చెబుతోంది. అహ్మద్ ఉరాబీ అనే సైనిక నాయకుడు 1882లో ఇస్మాయిలియాకు పడమట తెల్ ఎల్ కెబీర్ దగ్గర బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఓడిపోయాడు. సిలోన్‌లో 19 ఏళ్లు ప్రవాసం ఉండి, తిరిగి వచ్చేటప్పుడు మామిడి తెచ్చాడని అక్కడ చెప్పుకుంటారు.

నాకు తెలుసుకోవాలని ఉన్నది ఒక్కటే. ఆ ఇసుక నేలలో నీళ్లు ఎలా పెడుతున్నారు, చెట్టుకీ చెట్టుకీ ఎంత దూరం వదిలారు? 2021లో వాతావరణం తిరగబడి వాళ్ల పంట బాగా పోయిందని చదివాను. మాకూ పూత మీద ఎండ, మంచు కొట్టి రెండేళ్లు ఏడ్చాం. ఎవరైనా రైతు కనిపిస్తే అడిగి చెప్పండి బాబూ.

నిర్వాహకులు | 19 మే 2025, ఉదయం 10:00

వీసా ప్రశ్నలను వేరే చర్చలోకి మార్చాం. ఇక్కడ ప్రయాణం సంగతులు కొనసాగించండి.

అమీర్‌పేట అమ్మాయి | 2 జూన్ 2025, రాత్రి 10:12

ఇస్మాయిలియా వైపు ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లొచ్చా? నవంబరులో కైరోలో మీటింగ్ ఉంది.

కైరోలో కాకినాడ | 3 జూన్ 2025, ఉదయం 9:26

ఇస్మాయిలియా ఒంటరిగా వెళ్లొచ్చమ్మా. పగటి పూట బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేయ్. పాత ఫ్రెంచివాళ్ల ఇళ్లు, మంచినీటి కాలువ పక్క చెట్ల దారి, చాలా ప్రశాంతంగా ఉంటుంది. నవంబరులో చల్లగా హాయిగా ఉంటుంది కూడా. ఫాయెద్‌కు మాత్రం ఎవరైనా తోడుంటే మంచిది. భయం కోసం కాదు. వేసవి అయిపోయాక అక్కడ సగం చోట్లు మూసేస్తారు, అడుగుదామంటే మనిషి ఉండడు.

భీమిలి తీరం | 24 ఆగస్టు 2025, సాయంత్రం 6:45

వెళ్లొచ్చాం! నిన్న నాన్నను వైజాగ్ విమానం ఎక్కించాను. మరిచిపోకముందే రాస్తున్నాను.

ఇస్మాయిలియాలో మొదటి రోజు. దారిలో చెక్‌పోస్టు దగ్గర ఇరవై నిమిషాలు ఆపి పాస్‌పోర్టులు చూశారు. నాన్న తన పాత సీమన్ పుస్తకం కూడా తెచ్చారు. అందులో ఈజిప్టు ముద్రలు చూసి ఆ కుర్రాడు లేచి నిలబడి సెల్యూట్ చేశాడు. ఇస్మాయిలియాలో "నిమ్రా సిత్తా" అనే రేవు ఉంది, అంటే ఆరో నంబరు. అక్కడ బల్లకట్టు మీద కాలువ అడ్డంగా దాటి డైరీలో 48 అని రాయాలని నాన్న ఆశ. విదేశీయులకు అనుమతి లేదని గార్డు చెప్పాడు. చాలా బతిమాలాం, లాభం లేకపోయింది. నాన్న ఏమీ అనలేదు గానీ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. గోదారి గట్టు గారూ, ఈ విషయంలో మీరు చెప్పిందే నిజం. దాటాలనుకునేవాళ్లు పోర్ట్ సయీద్ వెళ్లడమే మంచిది.

రెండో రోజు ఉదయం మైక్రోబస్సులో ఫాయెద్. చిన్న ఊరు. రైల్వే లైను, ఒక బజారు, బజారు నిండా మామిడి బుట్టలు, చేపల కొట్లు. నాన్నను చూడగానే కూరలమ్మే ఆయన "హిందీ? అమితాబ్ బచ్చన్!" అని అరిచాడు. ఆ పేరు రెండు రోజుల్లో పదిసార్లు విన్నాం. చేపల కొట్లో మనమే చేపను ఎంచుకోవాలి, తూకం వేసి కాల్చి ఇస్తారు. మన జిలేబీ చేపే అక్కడ బుల్తీ. దానికి తవుడు పట్టించి నిప్పుల మీద నల్లగా మాడ్చేస్తారు. పై పొర తీసేస్తే లోపల మెత్తగా, ఉప్పగా, నీళ్లూరేలా ఉంది. ఉల్లిపాయ మాడ్చి వండిన గోధుమరంగు అన్నం పక్కన పెట్టారు, సయ్యాదియ్యా అంటారట. కారం లేదు. నాన్న జేబులోంచి ఆవకాయ పొట్లం తీసి కొట్టువాడికీ పెట్టారు. వాడు కళ్లనీళ్లు పెట్టుకుని ఇంకొంచెం అడిగాడు.

మధ్యాహ్నం టికెట్ తీసుకుని ఒడ్డున కూర్చున్నాం. నాన్న ప్యాంటు మడుచుకుని నీళ్లలోకి దిగి, దోసిట్లో తీసి నాలుక మీద వేసుకున్నారు. "మన భీమిలి సముద్రం కంటే ఉప్పు ఎక్కువ" అన్నారు. తర్వాత అరగంట ఒక్క మాట లేదు.

సరస్సులో లంగరు వేసిన ఓడలు ఆరు. అన్నీ దూరంగానే ఉన్నాయి. నాకు ఆరూ ఒకేలా కనిపించాయి. నాన్న ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టారు. "అది బల్క్ క్యారియర్, ఖాళీగా ఉంది, ఎర్ర రంగు ఎంత పైకి కనిపిస్తోందో చూడు. ఆ చివరిది ట్యాంకర్, నిండుగా ఉంది. పొగ సన్నగా వస్తోంది కదా, జనరేటర్ మీద ఉంది, మెయిన్ ఇంజన్ ఆపేశారు." చీకటి పడ్డాక టైము చూసుకుని "ఎనిమిదయింది, వాచ్ (డ్యూటీ) మారుతుంది. దిగిన వాళ్లు ఇప్పుడు స్నానం చేసి డెక్ మీదికి వస్తారు" అన్నారు. వచ్చి ఇటువైపే చూస్తారు కదా అన్నాను. తల ఊపారు.

అక్కడే ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. రైల్వేలో చేసి రిటైరయ్యాడు, నాన్న వయసే. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నారు. 1967 యుద్ధం తర్వాత కాలువ ఊళ్లవాళ్లందరినీ ఖాళీ చేయించారు. ఆయనకప్పుడు తొమ్మిదేళ్లు. జగాజీగ్ దగ్గర బంధువుల ఇంట్లో ఏళ్ల తరబడి ఉండి, కాలువ మళ్లీ తెరిచిన ఏడాది తిరిగొచ్చారట. నాన్న "నేను 1980లో చూసినప్పుడు ఇటువైపు దాదాపు చీకటే. గట్టు మీద కాలిపోయిన ట్యాంకులు ఉండేవి. తర్వాత దక్షిణం వైపు దీపాలు పెరుగుతూ వచ్చాయి" అన్నారు. ఆయన వెంటనే నేల మీద వేలితో గీసి చూపించాడు. ఇక్కడ మా ఇళ్లు, ఇవి ముందు కట్టుకున్నాం. ఇక్కడ రిసార్టులు, అవి తర్వాత వచ్చాయి. ఏ దీపం ఏ ఏడాదిదో ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నేను అనువాదం ఆపేసినా వాళ్లు ఆపలేదు.

టీ నాలుగు గ్లాసులు తాగారు. అక్కా, "సుక్కర్ బర్రా" మంత్రంలా పనిచేసింది.

భీమిలి తీరం | 24 ఆగస్టు 2025, రాత్రి 7:30

మిగతావి. ఊరి బయట ఫాయెద్ యుద్ధ శ్మశానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి సమాధులు ఉన్నాయి, ఎడారి అంచున గడ్డి, పూలు పెంచి శుభ్రంగా ఉంచారు. లష్కర్ మనవడు గారూ, హెలియోపొలిస్‌కు చివరి రోజు వెళ్లాం. పలకల మీద పేర్లు దళాల వారీగా ఉన్నాయి. హైదరాబాద్ అని ఉన్న చోటు వెతికి ఫొటోలు తీశాను, మీకు మెసేజ్‌లో పంపాను. మీ ముత్తాత పేరు ఉందో లేదో మీరే చూసుకోవాలి.

నూజివీడు తోట గారూ, ఒక తోటలోకి వెళ్లాం. బొట్టు బొట్టుగా పడే పైపులు ప్రతి చెట్టుకూ ఉన్నాయి. పాత చెట్ల మధ్య ఎనిమిది, తొమ్మిది అంగలు అన్నాను నేను. నాన్న లెక్క ప్రకారం పది అంగలు, అంటే నడిచి కొలిచిన దూరం. కొత్తవి బాగా దగ్గర దగ్గరగా నాటారు. 2021 మాట ఎత్తగానే రైతు రెండు చేతులూ పైకెత్తాడు. ఉవైస్ చిన్న కాయ, వాసన మాత్రం గది నిండిపోతుంది. నాన్న సగం కాయ తిని మిగతా సగం నాకు ఇచ్చారు, నేను చూడనప్పుడు ఇంకోటి తిన్నారు.

లష్కర్ మనవడు | 24 ఆగస్టు 2025, రాత్రి 9:14

ఫొటోలు అందాయి. అమ్మమ్మ భూతద్దం పెట్టుకుని ఒక్కో పేరూ చదివించుకుంది. మా వాళ్ల పేరు లేదు. ఆయన తిరిగి వచ్చి ఇక్కడే పోయాడు కదా, ఉండకపోవడమే మంచిదని ఆమే అంది. కానీ మిగతా పేర్లన్నీ ఇంకోసారి చదవమంది. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

బయాలజీ మాస్టారు | 25 ఆగస్టు 2025, ఉదయం 6:10

నాన్నగారి నాలుక సరిగ్గానే చెప్పింది. కాలువ తవ్వకముందు ఆ సరస్సు ఎండిపోయిన లోయ, అడుగున మందంగా ఉప్పు పొర ఉండేది. 1869లో సముద్రం నీళ్లు వదిలితే ఆ ఉప్పు కరగడం మొదలైంది. ఎంతోకాలం ఆ ఉప్పే ఎర్ర సముద్రం చేపలు మధ్యధరాకు పోకుండా అడ్డుగోడలా నిలిచింది. ఉప్పు పలచబడే కొద్దీ వందల జాతులు దాటిపోయాయి. ఆ వలసకు లెసెప్స్ పేరే పెట్టారు. వేసవిలో, చలికాలంలో అక్కడి నీటి ప్రవాహం దిశ కూడా మారుతుంది.

నూజివీడు తోట | 25 ఆగస్టు 2025, ఉదయం 7:40

పది అంగలంటే పాత చెట్లకు నాకు తక్కువే అనిపిస్తోంది. కొమ్మ కత్తిరింపు ఎలా చేస్తున్నారో చూశారా? ఫొటో ఉంటే పెట్టండి.

థర్డ్ ఇంజనీర్ | 27 ఆగస్టు 2025, రాత్రి 10:55

చదువుతుంటే గొంతు పట్టేసింది. వచ్చే నెల మొదటి వారంలో డ్యూటీ ఎక్కుతున్నాను. మా ఓడ ఈసారి సూయజ్ మీదుగానే పోయేలా ఉంది, దక్షిణం దిశగా. లంగరు వేస్తే పడమటి వైపు చూసి నాన్నగారికి ఒక ఫొటో పంపుతాను.

భీమిలి తీరం | 28 ఆగస్టు 2025, ఉదయం 8:20

నాన్నకు ఫోన్ చేసి చదివి వినిపించాను. ఆయన అడగమన్నది ఒకటే. కాలువలోకి వెళ్లే ముందు సముద్రపు నీళ్లను ఓడలోకి లాగే సక్షన్‌ను కింది వాల్వు నుంచి పై వాల్వుకు మార్చడం ఇప్పటికీ ఉందా, లేక అదీ కంప్యూటర్ చూసుకుంటోందా? సరస్సులో స్ట్రైనర్లు (ఆ నీళ్లు వడకట్టే జాలీలు) తెరిస్తే బురద, నాచు బకెట్ల కొద్దీ వచ్చేదట.

థర్డ్ ఇంజనీర్ | 28 ఆగస్టు 2025, ఉదయం 11:32

ఇప్పటికీ ఉందని చెప్పండి. వాల్వు తిప్పేది నేనే. బకెట్ కూడా అదే.